బటన్ ఉంది కదా అనుకున్నాను

జులై నెలాఖరున ఒక ఆదివారం సాయంత్రం, విశాఖలో చదువుకుంటున్న మా అమ్మాయిని కారులో ఎక్కించుకుని విజయనగరం వస్తున్నాను. తగరపువలస దాటుతుండగా వాన అందుకుంది. నాతవలస దగ్గర చెన్నై-కోల్‌కతా రహదారి వదిలి మా ఊరి దారి పట్టేసరికి రోడ్డు మీద నీళ్లు పల్చటి పొరలా నిలిచి ఉన్నాయి. వేగం 70 దాటలేదు. ఉన్నట్టుండి స్టీరింగ్ దూదిలా తేలికైపోయింది. నేను తిప్పకుండానే కారు ఎడమకు జారింది. అలాంటప్పుడు బ్రేకు తొక్కకూడదని తెలుసు కాబట్టి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్‌ను కదపకుండా పట్టుకున్నాను. రెండు సెకన్లకు చక్రాలకు మళ్లీ రోడ్డు దొరికింది. మా అమ్మాయి తలుపు పిడి గట్టిగా పట్టుకుని, "నాన్నా, కారు పడవలా పోయింది" అంది. మిగతా దారంతా 40 మించకుండా నడిపాను. ఇల్లు చేరాక కూడా చాలాసేపు నా అరచేతులు చల్లగానే ఉన్నాయి.

ఆ కారు 2012 నాటి ఆడి టీటీ. రెండు తలుపుల చిన్న స్పోర్ట్స్ కారు, నాలుగు చక్రాలకూ ఇంజిను శక్తి అందే రకం. నిరుడు హైదరాబాదులో ఒకాయన దగ్గర కొన్నాను. యవ్వనం నుంచీ మనసులో ఉన్న కారు, నలభై ఎనిమిదో ఏట చేతికొచ్చింది. ఆయన దాన్ని ఎక్కువ తిప్పలేదు, నీడలోనే ఉంచారు. కొనేటప్పుడు ఇంజిను చప్పుడు విన్నాను, గేర్లు చూశాను, సర్వీసు పుస్తకం పేజీ పేజీ తిరగేశాను. టైర్ల దగ్గర వంగి చూస్తే బటన్, అంటే నేలను పట్టే రబ్బరు గళ్లు, బాగానే కనిపించింది. మరో రెండేళ్లు చూసుకోనక్కర్లేదనుకుని లేచి నిలబడ్డాను.

శ్రీకాకుళంలో ఉండే మా బావకు రెండు లారీలున్నాయి. ఆ మర్నాడు ఏదో పని మీద మా ఇంటికి వస్తే జరిగింది చెప్పాను. టీ కూడా తాగకుండా కారు దగ్గరికి వెళ్లి, ముందు చక్రం పక్కన గొంతుకూర్చున్నాడు. బొటనవేలి గోటితో రబ్బరు మీద నొక్కాడు.

"గోరు దిగడం లేదు చూడు. ఇది రబ్బరా, చెక్కా?"

"బటన్ అయిదు మిల్లీమీటర్లుంది బావా, కొలిచాను."

"బటన్ అరగకపోతే టైరు ముసలిదవదా? వయసెంతో చూశావా?"

ఫోను లైటు వేసి టైరు పక్కగోడ మీద వెతికాడు. చివర్లో కోడిగుడ్డు ఆకారపు గీత లోపల నాలుగు అంకెలున్నాయి: 3213. అంటే 2013వ సంవత్సరం 32వ వారంలో తయారైన టైరు. మిగతా మూడూ అదే ఏడాదివి. పన్నెండేళ్ల టైర్ల మీద నా కూతుర్ని కూర్చోబెట్టుకుని వచ్చాను. లైటు వాలుగా పడేసరికి, పగటి వెలుతురులో నాకు కనబడనివి కూడా కనబడ్డాయి. బటన్ల మధ్య గాడుల అడుగున, ఎండిన చెరువు నేలలా, వెంట్రుకంత సన్నని పగుళ్లు. మా బావ వేలు అక్కడ పెట్టి కాసేపు తీయలేదు.

టైరు రబ్బరు ఎండకూ గాలికీ ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది. నడిపినా, నడపకపోయినా అంతే. గట్టిపడిన రబ్బరు తడి రోడ్డును పట్టుకోదు. మన చట్టం ప్రకారం కారు టైరుకు కనీసం 1.6 మిల్లీమీటర్ల లోతు గాడి ఉండాలి, ఆ లెక్కన నా టైర్లు చక్కగా పాసవుతాయి. వయసు విషయంలో మాత్రం పెద్ద టైర్ల కంపెనీలే అయిదేళ్లు దాటితే ఏటా పరీక్ష చేయించమనీ, పదేళ్లు దాటితే బటన్‌తో నిమిత్తం లేకుండా మార్చేయమనీ చెబుతున్నాయి. సెకండ్ హ్యాండ్ కారు కొనేవారు, ముఖ్యంగా తక్కువ తిరిగిన కారు కొనేవారు, మొదట చూడాల్సింది ఆ నాలుగు అంకెలనే అని ఇప్పుడు నేను అందరికీ చెబుతున్నాను.

ఇక ధరల వేట. నా టైరు సైజు 245/40 ఆర్ 18. మొదటి అంకె వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో, చివరిది రిమ్ము ఎన్ని అంగుళాలో. విజయనగరంలో బాలాజీ జంక్షన్ నుంచి రింగ్ రోడ్డు దాకా తిరిగాను. ఒక్క షాపులోనూ సరుకు లేదు. తెప్పిస్తామన్నారు. పేరున్న కంపెనీ టైరు ఒక్కొక్కటి 21,500 చెప్పారు. నాలుగూ కలిపి 86,000. నాలుగు చక్రాలూ నడిచే కారుకు రెండు కొత్తవి, రెండు పాతవి వేయడం కుదరదు. చుట్టుకొలతలో తేడా వస్తే ముందు వెనక ఇరుసుల మధ్య ఉండే క్లచ్చు ఊరికే శ్రమపడి వేడెక్కి పాడవుతుంది. అందుకని మార్చితే నాలుగూ ఒకేసారి, ఒకే రకం మార్చాలి.

అంత ధర ఎందుకని అడిగితే ఒక షాపు యజమాని ఓపికగా చెప్పారు. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని ఆంక్షల జాబితాలో పెట్టింది. ఇక్కడ ఎక్కువగా అమ్ముడయ్యే సైజులు ఇక్కడే తయారవుతాయి. అరుదైన సైజులు బయటి నుంచి రావాలి, అవి కొద్దిగానే వస్తాయి, వచ్చినవి గోదాముల్లో ఏళ్ల తరబడి పడి ఉంటాయి. ఈ మాటలో ముఖ్యమైన భాగం చివరిదని నాకు తర్వాత అర్థమైంది.

విశాఖలో ఒక షాపువాళ్లు ఫోనులో 15,000కు ఇస్తామన్నారు. సంతోషంగా వెళ్లాను. నాలుగు టైర్లూ నల్లగా మెరుస్తున్నాయి, పైన కాగితం లేబుళ్లు కూడా చిరగలేదు. వంగి అంకెలు చదివాను. రెండు 2019వి, రెండు 2020వి. అడిగితే, వాడని టైరుకు వయసేమిటండీ అన్నారు. నా దగ్గర అప్పటికే సమాధానం ఉంది, వాదించకుండా వచ్చేశాను. మరోచోట వేరే కార్ల నుంచి తీసిన టైర్లు చూపించారు, ఒక్కొక్కటి 5,000. పైన ఎంత బాగున్నాయో! లోపల చెయ్యి పెట్టి తడిమితే ఒకదాని భుజం దగ్గర, పక్కగోడ మొదలయ్యే చోట, అతుకు తగిలింది. అక్కడ అతుకు వేయకూడదు. టైరు ప్రతి చుట్టుకూ వంగే చోటది, అతుకు నిలవదు. స్పోర్ట్స్ కారుకే కాదు, ఏ కారుకూ అలాంటిది వేయకండి. ఎవరో వదిలించుకున్న ప్రమాదాన్ని మనం డబ్బిచ్చి కొనుక్కున్నట్టు అవుతుంది.

పేరు ఎప్పుడూ వినని కంపెనీ టైర్లు 8,500కు ఉన్నాయన్నారు ఒకరు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. 86,000 నాకు చిన్న మొత్తం కాదు. మా అమ్మాయి హాస్టల్ ఫీజు కట్టాల్సిన నెల అది. చవక తప్పు కాదు, కానీ ఎక్కడ తగ్గించుకోవచ్చో, ఎక్కడ తగ్గించుకోకూడదో తేల్చుకోవాలి. ఒక కాగితం తీసుకుని నా కారు నిజంగా చేసే పని రాశాను. వారానికోసారి విశాఖ. నెలకోసారి శ్రీకాకుళం. ఏడాదికి రెండుసార్లు సాలూరు ఘాట్ మీదుగా కోరాపుట్ వైపు. మిగతాదంతా ఊళ్లో, కోట చుట్టూ, గంటస్తంభం సందుల్లో. రేసు మైదానం ఇందులో లేదు. గంటకు 300 కిలోమీటర్లు తట్టుకునే 'వై' రేటింగ్ నాకు అక్కర్లేదు. ఈ కారు పరుగెత్తగలిగేంతకు 270 తట్టుకునే 'డబ్ల్యూ' సరిపోతుంది. అక్కడ తగ్గించుకోవచ్చు. బరువు మోసే అంకె కంపెనీ చెప్పినదాని కంటే తగ్గకూడదు. తడి రోడ్డు పట్టులో తగ్గనే కూడదు. చాలా టైర్ల పక్కగోడ మీదే 'ట్రాక్షన్' అని రాసి ఏఏ, ఏ, బీ, సీ అక్షరాల్లో ఒకటి వేస్తారు. తడి నేల మీద తిన్నగా బ్రేకు వేసినప్పుడు దొరికే పట్టుకు కొలత అది. బీ, సీ వేసినవాటిని అక్కడికక్కడే వదిలేశాను. 8,500 టైరు అలాగే పోయింది.

కొత్త దారి చూపింది మా ఊరి పంక్చర్ షాపు అబ్బాయి. ముందు ఎడమ చక్రం విప్పి తిప్పుతూ, "రిమ్ము లోపలి అంచు సొట్టపోయింది బాబూ, చూడండి" అన్నాడు. నిజమే, ఎక్కడో గోతిలో పడి వంగింది. "పక్కగోడ ఇంత పల్చగా ఉంటే మన రోడ్లకు ఆగదు. ఇదే కారుకు పదిహేడు అంగుళాల చక్రం ఉండదా?"

ఉంటుంది. టీటీని కంపెనీయే పదిహేడు అంగుళాల చక్రాలతో కూడా అమ్మింది. నేను చూసుకున్న టైరు సైజు 225/50 ఆర్ 17. ఇంటికొచ్చి లెక్క వేశాను. నా పాత టైరు మొత్తం ఎత్తు 653 మిల్లీమీటర్లు, ఇది 657. అర శాతం పైచిలుకు తేడా, స్పీడోమీటరు అబద్ధం చెప్పేంత కాదు. పక్కగోడ మాత్రం 98 నుంచి 112 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. గోతికీ రిమ్ముకూ మధ్య ఆ అదనపు రబ్బరు నిలబడుతుంది. వెడల్పు తగ్గితే ఎండు రోడ్డు మీద మలుపుల్లో కొంత పట్టు తగ్గుతుంది, అది ఒప్పుకోవాలి. నీళ్లలో మాత్రం సన్నటి టైరు పొరను చీల్చుకుని తొందరగా నేలను తాకుతుంది. నాకు భయం పుట్టింది నీళ్లలోనే కదా.

అన్నిటికీ మించి, 225/50 ఆర్ 17 మన దేశంలో ఆడి ఏ4, బీఎండబ్ల్యూ 3 సిరీస్ లాంటి కార్లకు వాడే సైజు. తిరిగే కార్లు ఎక్కువ కాబట్టి సరుకు నిలవ ఉండదు, తాజాగా వస్తుంది, దేశీయ కంపెనీలూ చేస్తాయి. అడిగితే అపోలో టైరు 12,800 చెప్పారు. ఈ సందర్భంలో ఒక మిత్రుడు, అచ్యుతాపురంలోనే యోకోహామా ఫ్యాక్టరీ ఉంది కదా, అక్కడి టైరైతే ఇంకా చవక కదా అన్నాడు. నాకూ ఆశ కలిగింది. విచారిస్తే అక్కడ తయారయ్యేవి ట్రాక్టర్లకూ, పొలాల్లో గనుల్లో తిరిగే యంత్రాలకూ వేసే టైర్లు. కారు టైర్ల విషయంలో మన రాష్ట్రం పేరు చెప్పాలంటే చిన్నపండూరులో 2020లో మొదలైన అపోలో ఫ్యాక్టరీ పేరు చెప్పాలి.

రిమ్ములు వెతకడానికి నెల పట్టింది. టీటీ చక్రానికి అయిదు బోల్టులు, అవి అమరే వలయం వ్యాసం 112 మిల్లీమీటర్లు, మధ్య రంధ్రం 57.1. అదే కొలత స్కోడా సూపర్బ్ కారుకూ ఉంటుంది. విశాఖలో ఒకాయన సూపర్బ్ నుంచి తీసిన నాలుగు రిమ్ములు 28,000కు ఇస్తానన్నారు. డబ్బివ్వక ముందే ఒక రిమ్మును నా కారు ముందు చక్రం చోట బిగించి, చేత్తో మెల్లగా పూర్తి చుట్టు తిప్పి చూశాను. చక్రం లోపల బ్రేకు పట్టే కాలిపర్‌కూ రిమ్ముకూ మధ్య వేలు దూరింది. నాలుగింటినీ బ్యాలెన్సింగ్ యంత్రం మీద వట్టిగా తిప్పించి సొట్ట లేదని చూసుకున్నాకే తీసుకున్నాను. మా ఆవిడ అప్పటికి నాతో ఆరుసార్లు విశాఖ వచ్చింది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. "అమ్మాయి ఎక్కే కారు, నిదానంగానే చూడండి" అంది.

ఆలస్యం వల్ల ఒక మేలు జరిగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. 12,800 టైరు 11,800కు వచ్చింది. బిల్లులో పన్ను విడిగా రాయించుకుని చూశాను, తగ్గింపు మొత్తం నాకే ఇచ్చారు.

సిరిమానోత్సవం అయిన వారానికి టైర్లు వచ్చాయి. అంకెలు నేనే చదివాను. నాలుగూ 2025వే, నాలుగింటి మీదా ఒకే వారం. ఐఎస్ఐ గుర్తు ఉంది. ఆ తర్వాత మూడు గంటలు షాపులో స్టూలు వేసుకుని కూర్చున్నాను. టైరు అంచుకు సబ్బు నీళ్లు పూసి యంత్రం మీద ఎక్కించారు. ఆ టైర్ల మీద చిన్న పసుపు చుక్క ఉంది. టైరులో అతి తేలికైన చోటు అది. దాన్ని గాలి కొట్టే వాల్వు పక్కనే ఉండేలా పెట్టమని అడిగాను. ఆ అబ్బాయి ముఖం విప్పారింది. "అడిగేవాళ్లు తక్కువ సార్" అని ఎంతో శ్రద్ధగా పెట్టాడు. ఆ టైర్లకు లోపలి వైపు, బయటి వైపు వేరువేరు. 'అవుట్‌సైడ్' అన్న అక్షరాలు నాలుగు చక్రాలకూ బయటికి ఉన్నాయో లేదో తిరిగి చూశాను. గాలి పోస్తుంటే అంచు రిమ్ములో కూర్చున్న చప్పుడు టప్పుమని వినబడింది, ఒక్కో చక్రానికి రెండుసార్లు.

బోల్టులు గాలి తుపాకీతో బిగించబోతే ఆపాను. చేత్తో తిప్పి, చివర్లో బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచీతో 120 న్యూటన్ మీటర్లకు బిగించమన్నాను. అతిగా బిగిస్తే బోల్టు సాగుతుంది, రోడ్డు మీద చక్రం విప్పాల్సి వస్తే మన చేతులకు రాదు. ఈ కారులో స్టెప్నీ లేదు, చిన్న గాలి పంపు, పంక్చర్ ద్రవం సీసా మాత్రమే ఉన్నాయి. పంక్చర్ పెద్దదైతే చక్రం విప్పి షాపుకు తీసుకెళ్లాల్సిందే, కాబట్టి ఇలాంటివి పట్టించుకోక తప్పదు. తర్వాత చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో చూసి సరిచేసే వీల్ అలైన్‌మెంట్. పాత టైర్లు ముందు వైపు లోపలి అంచున ఎక్కువ అరిగి ఉన్నాయి, కారణం అప్పుడు తెర మీద కనబడింది: ముందు చక్రాలు రెండూ ముక్కు బయటికి తిప్పుకుని ఉన్నాయి. అది సరిచేయకుండా కొత్త టైర్లు వేసి ఉంటే ఏడాదికే లోపలి అంచు గుండు అయ్యేది.

టైర్లు 47,200. రిమ్ములు 28,000. బిగింపు, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్, కొత్త వాల్వులు 3,200. మొత్తం 78,400. పన్ను తగ్గాక పాత సైజు టైర్లు 79,300, బిగింపు ఖర్చులతో కలిపి 82,500 అయ్యేవి, అంటే ఇప్పటికి మిగిలింది కొద్దిగానే. కానీ సొట్ట రిమ్ము బాగు చేయించే ఖర్చు తప్పింది, పాత రిమ్ములు సొట్ట సంగతి చెప్పే 24,000కు ఇచ్చేశాను. వచ్చేసారి టైర్లు మార్చేటప్పుడు 32,000 తేడా నా చేతిలోనే ఉంటుంది. కారు రూపం కొంచెం మారింది. చక్రం చుట్టూ నలుపు ఎక్కువై, ఇదివరకటి బిగువు లేదని ఒకరిద్దరు అన్నారు. నాకు బాగానే ఉంది.

కొత్త టైరు మీద అచ్చు నుంచి వచ్చిన నునుపు పోయేదాకా పట్టు పూర్తిగా రాదంటారు. మొదటి 300 కిలోమీటర్లు మెల్లగా నడిపాను. వంద కిలోమీటర్లకు బోల్టులు మళ్లీ సరిచూయించాను. గాలి, తలుపు పక్క స్టిక్కర్‌లో రాసినంతే, టైరు చల్లగా ఉన్నప్పుడు పొద్దున్నే కొట్టించాను. ఆ 300 పూర్తయ్యేసరికి అక్టోబరు నెలాఖరు, మొంథా తుఫాను. ఆ రెండు రోజులు కారు బయటికి తీయలేదు. ఎంత మంచి టైరైనా తుఫానులో చేసేదేమీ లేదు. తుఫాను వెళ్లిన తర్వాత చినుకులు పడుతుండగా నాతవలస దారిలో ఒక్కణ్నే వెళ్లాను. రోడ్డు ఖాళీగా ఉన్న చోట 50లో ఒకసారి, 60లో ఒకసారి గట్టిగా బ్రేకు వేసి చూశాను. రెండుసార్లూ కారు గీత గీసినట్టు నిలిచింది. ఆ తర్వాత ఆదివారమే అమ్మాయిని తీసుకొచ్చాను. ఆనందపురం దగ్గర వాన పడుతుంటే తను ఫోనులో పాటలు వెతుక్కుంటూ కూర్చుంది.

పాత టైర్లు నాలుగూ పెరట్లో గోడకు ఆనించి ఉన్నాయి. నవంబరులో ఒకాయన వచ్చి, బటన్ ఉంది కదా, ఒక్కొక్కటి 1,500కు ఇస్తారా అని అడిగారు. తన బావమరిది కారుకట, పిల్లలతో తిరుపతి వెళ్తున్నారట. ఆయన్ని గోడ దగ్గరికి తీసుకెళ్లి ఫోను లైటు వాలుగా వేసి గాడుల అడుగు చూపించాను, 3213 చదివించాను. ఆయన వెళ్లాక పంక్చర్ షాపు అబ్బాయిని కట్టర్‌తో రమ్మన్నాను. నాలుగింటి పక్కగోడలూ ఈ చివర నుంచి ఆ చివర దాకా కోయించాను.